రీలు తిరిగినంతసేపూ

శంకరాభరణం పాటలు సరిగమలు రానివాళ్ల నోళ్లలో కూడా నానాయంటే అందులో మహదేవన్, వేటూరి, బాలుల గొప్పతనంతోపాటు క్యాసెట్టుకూ కొంత వాటా ఉందని నా గట్టి నమ్మకం. క్యాసెట్టులో ఒక పాట దాటెయ్యడం తేలిక కాదు. ఫార్వర్డు నొక్కితే ఎక్కడ ఆగుతుందో తెలీదు. ఆపి, విని, దాటిపోయిందని మళ్లీ వెనక్కి తిప్పుకోవాలి. సెల్స్ మీద నడిచే టేప్‌రికార్డరైతే ఈ తిప్పుడుకే సెల్స్ నీరసపడిపోతాయి. పైగా తిప్పేకొద్దీ రీలు అరుగుతుందని పెద్దవాళ్ల కేకలు. అందుకని పెట్టిన సైడు అయ్యేదాకా అలాగే వినడం అలవాటు. మొదటి నెలలో నచ్చిన పాట ఒకటే. దాని కోసం భరించిన మిగతా నాలుగూ ఏడాది తిరిగేసరికి దానికన్నా ఎక్కువ నచ్చేవి. చాలామంది చెవికి చదువు అబ్బింది ఇలాగే.

అందరిళ్లలో ఉన్నా పెట్టడానికి అందరూ జంకేది ఘంటసాల భగవద్గీత. ఆయన 1974 ఫిబ్రవరి 11న పోయారు, ఈ రికార్డు ఆ తర్వాతే జనంలోకి వచ్చింది. శ్లోకం పాడతారు, వెంటనే తాత్పర్యం మామూలు మాటల్లో చెబుతారు, మళ్లీ శ్లోకం. ఒక శ్లోకానికీ ఇంకో శ్లోకానికీ రాగం మారుతూ పోతుంది. వాద్యాలు ఎక్కడా గొంతును తోసుకుని ముందుకు రావు. చావు జరిగిన ఇంటి ముందు మైకులో ఇది వెయ్యడం ఎలా మొదలైందోగానీ, 'జాతస్య హి ధ్రువో మృత్యుః' ఉన్న రికార్డు కాబట్టి ఆ చోటికి తగినదే. బాధల్లా ఏమిటంటే, ఆ దెబ్బతో మామూలు రోజున ఇంట్లో పెడితే "ఏంటా పాట, ఆపు!" అనే పరిస్థితి వచ్చింది. ఇంకో నష్టం కూడా జరిగింది. వీధిలో కట్టే గొట్టం మైకు కింది స్థాయి ధ్వనుల్ని పలకలేదు, మధ్యస్థాయి మాత్రమే గట్టిగా విసురుతుంది. ఘంటసాల గొంతుకున్న గాంభీర్యమంతా ఆ కింది స్థాయిలోనే ఉంటుంది. అంటే ఈ గీతను వీధి మైకులో మాత్రమే విన్నవాళ్లకు ఆ గొంతు సగమే తెలుసు. ఇంట్లో, నిమ్మళంగా ఉన్న వేళ, కాస్త పెద్ద స్పీకరులో పెట్టుకుని తాత్పర్యం చెప్పే చోట్ల శ్రద్ధగా వినండి. మాట్లాడుతున్నప్పుడు కూడా ఆయన శ్రుతి వదిలినట్టు అనిపించదు. శ్లోకంలోంచి మాటలోకి, మాటలోంచి శ్లోకంలోకి ఎక్కడా కుదుపు ఉండదు. పాడడం ఎంత కష్టమో అలా మాట్లాడడమూ అంత కష్టం.

ఇక శంకరాభరణం. 1980లో వచ్చింది. కె.వి. మహదేవన్‌కు సంగీతానికి, బాలసుబ్రహ్మణ్యానికీ వాణీ జయరామ్‌కూ గానానికి, ఒకే సినిమా మీద ముగ్గురికీ జాతీయ అవార్డులు వచ్చాయి. బాలు శాస్త్రీయంగా సంగీతం నేర్చుకున్నవారు కాదన్నది అందరికీ తెలిసిందే. మహదేవన్ పక్కన ఉన్న పుహళేంది ఆయన చేత సాధన చేయించారు. ఆ సంగతి తెలిశాక ఆ పాటలు వింటే గౌరవం ఇంకా పెరుగుతుంది.

మొదటిసారి వినేవాళ్లను పట్టేసేది 'శంకరా నాదశరీరాపరా'. అందులో ఆశ్చర్యం లేదు, పైస్థాయిలో ఆ పిలుపు అలాంటిది. మధ్యమావతి రాగం. కచేరీ చివర మంగళంగా పాడే రాగాన్ని తీసుకుని ఉరుములూ మెరుపుల మధ్య అంత ఉద్రేకంగా వాడడం మహదేవన్ ధైర్యం. తర్వాత పట్టేది 'ఓంకార నాదానుసంధానమౌ', సినిమా పేరున్న రాగంలోనే. 'దొరకునా ఇటువంటి సేవ' బిలహరి. ఈ క్యాసెట్టులో స్వరాలు వచ్చే చోట, అవి ఏ స్వరాలో తెలియని పిల్లలు కూడా గడగడా అప్పజెప్పేవాళ్లు. ఎక్కాలు కంఠస్థం అయినట్టే అవీ అయిపోయాయి.

కానీ నా దృష్టిలో ఈ క్యాసెట్టు అసలు సంపద వాణీ జయరామ్ పాడిన చిన్న కీర్తనలు. 'ఏ తీరుగ నను దయజూచెదవో' నాదనామక్రియలో, 'పలుకే బంగారమాయెనా' ఆనందభైరవిలో, రెండూ భద్రాచల రామదాసువే. మొదట్లో ఇవి పెద్ద పాటల మధ్య విరామాల్లా అనిపిస్తాయి, ఎప్పుడైపోతాయా అని ఎదురుచూస్తాం. పదోసారో ఇరవయ్యోసారో వింటున్నప్పుడు తెలుస్తుంది, ఆమె ఎక్కడా గొంతు పెంచడం లేదని. బతిమాలుకునేవాళ్లు గట్టిగా అడగరు కదా! నాదనామక్రియ కింది స్వరాల్లోనే ఎక్కువగా తిరిగే రాగం. ఆ దైన్యం రాగంలోనే ఉంది, ఆమె దాన్ని చెడగొట్టకుండా వదిలేశారు. 'మానస సంచరరే' కూడా అంతే. సదాశివ బ్రహ్మేంద్రుల కీర్తన, సామ రాగం. పాట మొత్తం నెమ్మదిగా నడుస్తుంది. తొందరలో ఉన్నవాళ్లకు ఇది రుచించదు. సైడు అయ్యేదాకా ఆపకుండా విన్నవాళ్లకే దక్కింది.

ఈ పాటలు నిశ్శబ్దం మీద ఆధారపడినవి కాబట్టి క్యాసెట్టు లోపాలన్నీ వీటిలోనే బయటపడతాయి. తంబురా ఒక్కటే మోగుతున్నప్పుడు వెనక 'స్‌...' అని సన్నటి రొద. రీలు వెడల్పు 4 మిల్లీమీటర్ల లోపు, సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో కదులుతుంది. ఆ కొంచెం వెడల్పులోనే రెండు సైడులూ, ఒక్కో సైడుకు కుడి ఎడమలూ, మొత్తం నాలుగు దారులు. అంత సన్నటి దారిలో అంత నెమ్మదిగా నడిస్తే రొద తప్పదు. ఇంకో విచిత్రం, పాట మొదలవ్వడానికి ఒక క్షణం ముందే అదే పాట చాలా సన్నగా, దూరంగా వినిపించడం. దెయ్యం పట్టిందనుకునేవాళ్లు. చుట్టలో ఒక పొర మీదున్న అయస్కాంత ముద్ర ఆనుకుని ఉన్న పొర మీద పడడం వల్ల అలా జరుగుతుంది. రీలు ఎంత పలచనైతే అంత ఎక్కువ. 60 నిమిషాల క్యాసెట్టులో రీలు మందం సుమారు 18 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు), 90లో 12, 120లో 9. అందుకే 120 నిమిషాల క్యాసెట్టు కొనొద్దని తెలిసినవాళ్లు చెప్పేది. ఎక్కువ పాటలు పడతాయని ఆశపడితే సాగిపోవడం, నలిగిపోవడం, ఈ ముందస్తు ప్రతిధ్వని, అన్నీ దాంట్లోనే.

ఒక్కోసారి పాట వెనక ఎవరో అర్థంకాని భాషలో పాడుతున్నట్టు వినిపిస్తుంది. అది అవతలి సైడు పాట, తిరగేసి. రీలు మీది ముద్రను చదివే హెడ్డు పైకో కిందికో జరిగితే పక్క దారిని కూడా తాకుతుంది, అవతలి సైడు మనకు వెనక నుంచి ముందుకు వినిపిస్తుంది. పాట సాగదీసినట్టు వస్తే సెల్స్ అయిపోయాయని అర్థం. మోటారు నెమ్మదిస్తే వేగంతోపాటు శ్రుతీ దిగిపోతుంది, జానకి గొంతు మగగొంతవుతుంది. సెల్స్ తీసి ఎండలో పెడితే ఇంకో రెండు పాటలు వచ్చేవి. వేడికి లోపలి రసాయన చర్య కొంచెం చురుకవుతుంది, అంతే. మర్నాటికి మళ్లీ మామూలే.

సాగర సంగమం 1983లో వచ్చింది, ఇళయరాజా. సంగీతానికి ఆయనకూ, 'వేదం అణువణువున నాదం' పాడినందుకు బాలుకూ జాతీయ అవార్డులు. ఈ క్యాసెట్టు శంకరాభరణం తర్వాత వినడంలో ఒక గమ్మత్తు ఉంది. అందులో 'సామజవరగమన' హిందోళం. ఇందులో జానకి పాడిన 'ఓం నమశ్శివాయ' కూడా హిందోళమే. సంగీత దర్శకులు వేరు, పాట పోకడ వేరు, ఒకటి శృంగారం, ఒకటి శివస్తుతి. అయినా రెండూ బాగా నలిగిన చెవికి 'ఇది ఎక్కడో విన్నానే' అనిపిస్తుంది. హిందోళంలో రిషభం, పంచమం ఉండవు. ఐదు స్వరాలే. పంచమం లేకపోవడంతో మెట్లెక్కుతున్నప్పుడు ఒక మెట్టు లేనట్టు చిన్న దాటు వినిపిస్తుంది. ఆ దాటును చెవి గుర్తుపడుతుంది, పేరు తెలియకపోయినా. ఒకసారి అలా పట్టుబడ్డాక హిందీలో బైజూ బావ్‌రా పాట 'మన్ తడపత్ హరి దర్శన్ కో ఆజ్' వినండి, అక్కడా అదే చుట్టరికం. వాళ్లు మాల్కౌఁస్ అంటారు. పుస్తకం చదివి రాగం గుర్తుపట్టేవాళ్లకు, ఇలా రెండు క్యాసెట్లు అరగదీసి గుర్తుపట్టేవాళ్లకు దారి వేరు కానీ చేరే చోటు దగ్గరే.

'మౌనమేలనోయి' గురించి చెప్పుకోకపోతే పాపం. ఆ పాటలో బాలు, జానకి ఇద్దరూ పాడకుండా ఆపే చోట్లు వినాలి. పల్లవి లైను అయిపోయాక వెంటనే వాద్యాలు మీద పడవు, కాస్త ఊపిరి పీల్చుకోనిస్తారు. 'తకిట తధిమి' ఇందుకు పూర్తిగా తలకిందులు, ఊపిరి సలపనివ్వదు. 'నాద వినోదము' కాళిదాసు శ్లోకంతో మొదలవుతుంది. బడిలో భయపెట్టిన రఘువంశం ఇక్కడ తియ్యగా వినిపించడం చాలామందికి అనుభవమే.

కొన్న క్యాసెట్లు తక్కువ, నింపించుకున్నవి ఎక్కువ. ప్రతి ఊళ్లోనూ రికార్డింగు సెంటరు ఒకటుండేది. తెల్లకాగితం మీద పాటల లిస్టు రాసి, ఖాళీ క్యాసెట్టు ఇచ్చి వస్తే రెండు రోజులకు నింపి ఇచ్చేవాళ్లు. లెక్క తెలిసినవాళ్లు 60 క్యాసెట్టుకు సైడుకు ఆరు పాటలే రాసేవారు, పాట నాలుగున్నర నిమిషాల చొప్పున 27 నిమిషాలు, మిగిలిన మూడు నిమిషాలు ఖాళీ. ఆశకొద్దీ ఏడోది రాస్తే అది చరణం మధ్యలో తెగిపోయేది. ఇప్పటికీ కొన్ని పాటలు ఆ చరణం దగ్గరకు రాగానే ఆగిపోతాయేమో అని మనసు సిద్ధపడుతుంది. కాపీ నుంచి కాపీ తీసిన క్యాసెట్టులో మొదట పోయేది పైస్థాయి ధ్వనులు, తాళాల గలగల, 'స', 'శ' అక్షరాల స్పష్టత. ప్రతి కాపీకీ రొద పెరుగుతుంది. మూడో తరం కాపీలో విని వేటూరి మాటలు తప్పుగా నేర్చుకున్నవాళ్లు ఎందరో! నింపించుకున్న క్యాసెట్టు చెరిగిపోకుండా ఉండాలంటే వెనక అంచున రెండు మూలల్లో ఉండే చిన్న ప్లాస్టిక్ రేకుల్ని విరిచెయ్యాలి. ఒక్కో సైడుకు ఒక్కోటి. మళ్లీ రికార్డు చెయ్యాలనిపిస్తే ఆ కన్నం మీద సెల్లోటేపు ముక్క అంటిస్తే సరి.

గీతాంజలి 1989. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన సినిమా ఇదొక్కటే. ఇళయరాజా, వేటూరి. ఇందులో ఏ పాట నచ్చిందో చెబితే వయసు చెప్పెయ్యొచ్చు. పిల్లలకు 'జగడ జగడ జగడం', కాలేజీకి వచ్చినవాళ్లకు 'ఓ ప్రియా ప్రియా', వానంటే ఇష్టమైనవాళ్లకు చిత్ర పాడిన 'జల్లంత కవ్వింత'. 'ఓ పాపా లాలి' అందరికీ ఆలస్యంగానే నచ్చుతుంది. జోలపాటగా మొదలుపెట్టి వెనక పాశ్చాత్య పద్ధతి వయొలిన్లను నడిపిస్తూ, బాలు గొంతును దాదాపు గుసగుసలో ఉంచడం చిన్న పని కాదు. 'ఓం నమహా' పాటలో గుండె చప్పుడే తాళం. ఆ కథ తెలిసి వింటే ఆ చప్పుడు ప్రేమదే కాదు, ఆయుష్షుదీ అని గుండె బరువెక్కుతుంది. 'ఆమనీ పాడవే' మీద ఎంత చెప్పినా తక్కువే. పాడుతున్నది చావుకు దగ్గరైన మనిషి, పాటలో ఏడుపు మాత్రం ఎక్కడా లేదు. ఏడవకుండా పాడడం వల్లే వినేవాళ్లు ఏడుస్తారు.

ఈ క్యాసెట్టు ఒంటి స్పీకరు టేప్‌రికార్డరులో విన్నవాళ్లకు సగం పోయినట్టే. ఇళయరాజా పాటల్లో బేస్ గిటారు ఉత్త దన్ను కాదు, అది కింద ఇంకో వరస పాడుతూ ఉంటుంది. అరచేతంత స్పీకరు దాన్ని పలకలేదు. వీడియో కోచ్ బస్సుల్లోనో, డెక్కు పెట్టుకున్న ఇంట్లోనో మొదటిసారి విని 'ఈ పాటలో ఇది కూడా ఉందా' అని ఆశ్చర్యపోయిన తరం అది. ఇప్పుడు మంచి ఇయర్‌ఫోన్లు అందరి దగ్గరా ఉన్నాయి. ఒకసారి పాటను పక్కనపెట్టి, గొంతు వినకుండా, కింద నడిచే బేస్ ఒక్కదాన్నే చివరిదాకా వెంబడించండి. రెండోసారి వయొలిన్లు. మూడోసారి గొంతు. పాట మూడు రెట్లవుతుంది.

1992లో రోజా వచ్చి ఆ కింది ధ్వనుల్నే ముందుకు తెచ్చింది. రెహమాన్ మొదటి సినిమా, తెలుగు మాటలు రాజశ్రీవి. మిన్మిని పాడిన 'చిన్ని చిన్ని ఆశ' మోగని ఆటో లేదు. అప్పటినుంచే ఆటోల వెనక సీటు కింద పెద్ద స్పీకర్లు బిగించడం ఊపందుకుందని నాకనిపిస్తుంది. డబ్బింగు పాట కాబట్టి కొన్ని మాటలు పెదాల కోసం రాసినట్టుంటాయి. అయినా 'పరువం వానగా' వింటున్నప్పుడు ఆ ఊసే గుర్తురాదు.

ఈ క్యాసెట్లు ఇంకా ఇంట్లో ఏ అటక మీదో ఉంటే పారెయ్యకండి. పాటలు ఫోనులో దొరుకుతాయి నిజమే, కానీ రికార్డింగు సెంటరులో నింపించిన వరస, మధ్యలో ఇంట్లోవాళ్ల గొంతులు రికార్డైన ముక్కలు ఎక్కడా దొరకవు. కాపాడుకునే పద్ధతి చెబుతాను.

ముందు క్యాసెట్టును వెంటనే పెట్టొద్దు. లోపల తెల్లటి బూజు ఉందేమో క్యాసెట్టుకుండే చిన్న కిటికీలోంచి చూడండి, ఉంటే అది మంచి ప్లేయరులో అసలు పెట్టకూడదు, హెడ్డుకు అంటుకుని మిగతా క్యాసెట్లకు పాకుతుంది. బాగుంటే ఆరుపలకల పెన్సిలు కన్నంలో దూర్చి చేత్తో కొన్ని చుట్లు తిప్పండి, తేలిగ్గా తిరగాలి. తర్వాత ప్లేయరులో ఒకసారి పూర్తిగా ముందుకు, ఒకసారి పూర్తిగా వెనక్కి. ఏళ్ల తరబడి కదలని చుట్టలో బిగువు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, ఇలా చేస్తే సర్దుకుంటుంది.

ప్లేయరులో హెడ్డు, దాని పక్కన సన్నటి ఇనుప కడ్డీ, దానికి ఒత్తుకునే రబ్బరు చక్రం, ఈ మూడూ శుభ్రంగా ఉండాలి. దూది పుల్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది హెడ్డునూ కడ్డీనీ తుడవండి. గోధుమరంగు మరక దూదికి అంటడం ఆగేదాకా. రబ్బరు చక్రాన్ని మాత్రం కొంచెం తడిపిన గుడ్డతో తుడిస్తే చాలు, ఆల్కహాల్ ఎక్కువైతే రబ్బరు ఎండి పగులుతుంది. రీలు మింగెయ్యడానికి సగం సార్లు కారణం ఈ చక్రమే, జిగటగా ఉంటే రీలును వదలదు. మిగతా సగం బెల్టు సాగి, రీలు చుట్టుకునే వైపు చక్రం సరిగ్గా తిరగకపోవడం. మింగినప్పుడు లాగొద్దు! ఆపి, మూత తీసి, రబ్బరు చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పుతూ రీలు వదులయ్యాక క్యాసెట్టు తియ్యండి, పెన్సిలుతో చుట్టెయ్యండి. ముడతలు పడిన చోట పాట కాస్త మునిగి తేలుతుంది, అంతకుమించి నష్టం లేదు.

తెగిపోతే రెండు కొసలనూ ఏటవాలుగా కోసి, చివర్లు ఆనించి, లోపలి వైపు అతకాలి. బయటికి కనిపించే వైపు హెడ్డుకు తగిలేది, అటు ఏమీ అంటకూడదు. సెల్లోటేపు జిగురు కొన్నాళ్లకు కారి పక్క పొరలను అంటించేస్తుంది, కాబట్టి దాంతో అతికితే ఒక్కసారి కాపీ తీసుకునేంతవరకే. అతకడానికి వేరే టేపు దొరుకుతుంది, అది మేలు. ధ్వని మొద్దుబారి, వస్తూ పోతూ ఉంటే హెడ్డు ఎదురుగా రేకు మీద ఉండాల్సిన చిన్న మెత్త ఊడిపోయి ఉంటుంది. స్క్రూలున్న పాత క్యాసెట్టు ఒకటి విప్పి, దాంట్లోది రేకుతో సహా తీసి పెట్టుకోవచ్చు.

మెత్త ఉండి కూడా మొద్దుగా ఉంటే హెడ్డు వంపు తేడా. హెడ్డు పక్కన స్ప్రింగున్న చిన్న స్క్రూను పాట మోగుతుండగా చిన్న స్క్రూడ్రైవరుతో కొంచెం కొంచెంగా, పావు చుట్టు మించకుండా తిప్పండి. వాణీ జయరామ్ 'స' పలికే చోటో, తాళాలు మోగే చోటో చూసుకుని తిప్పితే ఎక్కడ విచ్చుకుంటుందో చెవికి ఇట్టే తెలుస్తుంది. ఒక్కో క్యాసెట్టుకు ఒక్కోలా ఉంటుంది, ముఖ్యంగా రికార్డింగు సెంటరువాటికి.

తర్వాత హెడ్‌ఫోను రంధ్రం నుంచి కంప్యూటరుకు వైరు, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరులో రికార్డు. గట్టిగా మోగే చోట మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఉండేలా పెట్టుకోండి, పూర్తిగా పైకి తాకితే ధ్వని చిరిగిపోతుంది, తర్వాత బాగుచెయ్యలేరు. రొద తగ్గించే మీట జోలికి వీలైనంత పోకండి, రొదతోపాటు తంబురా కూడా పోతుంది. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ వేవ్ ఫైలులో నిమిషానికి సుమారు 10 ఎంబీ, 60 క్యాసెట్టుకు 600 ఎంబీ. సైడు మొత్తం ఒకే ఫైలుగా దాచండి, పాటలుగా కోసుకున్న కాపీ వేరే ఉంచుకోండి, అట్ట మీద చేతిరాతతో ఉన్న లిస్టును ఫొటో తీసి అదే ఫోల్డరులో పెట్టండి.